రోజూ నడవమంటాం సరే, నడిచే దారేది?



షుగరు, బీ.పీ., ఊబకాయం, గుండె జబ్బు... ఏ జబ్బుతో ఆసుపత్రికి వచ్చినా, ఇంటికి వెళ్ళేటప్పుడు మందుల చీటీతోపాటు డాక్టరుగారు చెప్పే మాట ఒకటుంది: "రోజూ అరగంట నడవండి." మా నర్సులు కూడా అదే మాట మరోసారి చెప్పి పంపుతారు. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం మన దేశంలో షుగరు వ్యాధి ఉన్నవారు 10 కోట్లకు పైమాటే. వీరందరికీ ఖర్చు లేని మందు నడక.

కాని వార్డులో ఈ మాట చెప్పినప్పుడు చాలామంది తిరిగి ఒక ప్రశ్న అడుగుతారు: "ఎక్కడ నడవమంటారు సిస్టరమ్మా?" ఆ ప్రశ్నలో న్యాయముంది. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద ట్రాన్స్‌ఫార్మరు, నిలిపిన బైకులు, ఇసుక కుప్పలు ఉంటాయి. మురుగు కాలువ మీద పలకలు విరిగి ఉంటాయి. రోడ్డు మీదికి దిగితే వెనుక నుండి హారన్లు. అదే రోడ్డు మీద దెబ్బ తగిలినవారు క్యాజువాలిటీకి వచ్చినప్పుడు కట్టు కట్టేది కూడా మేమే. అందుకే ఈసారి మందుల గురించి కాకుండా వీధుల గురించి రాస్తున్నాను.

ఎంతమందికి ఈ ఆపద?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు. రోజుకు లెక్క వేస్తే 90 మంది. ఎవరినీ ఢీకొట్టని, ఎవరికీ హాని చేయని మనుషులు వీరు. బడికి, సంతకు, బస్సు స్టాపుకు, ప్రార్థనకు బయలుదేరినవారు.

చనిపోకుండా బయటపడినవారి కథ అంకెల్లో కనబడదు. కారు ముందు భాగం సాధారణంగా పెద్దవారి మోకాలి దగ్గర తగులుతుంది. ముందు కాలి ఎముక విరుగుతుంది, తరువాత మనిషి బానెట్ మీద పడి తల అద్దానికో నేలకో కొట్టుకుంటుంది. పిల్లవాడైతే అదే దెబ్బ నేరుగా పొట్టకో, ఛాతీకో, తలకో తగులుతుంది. వృద్ధులకు తుంటి ఎముక విరిగితే వారాల తరబడి మంచం పట్టాలి. అప్పుడు పుండ్లు, న్యుమోనియా, రక్తం గడ్డకట్టడం మొదలవుతాయి. ఇంటిలో ఒకరు పని మానుకొని పక్కన కూర్చోవాలి. ఒక్క క్షణంలో జరిగినదానికి కుటుంబమంతా ఏళ్ళ తరబడి కష్టపడుతుంది.

వేగమే అసలు రోగం

వాహనం వేగం రెట్టింపైతే దెబ్బ బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. కారు 50 కి.మీ. వేగంతో ఢీకొట్టినప్పటికంటే 65 కి.మీ. వేగంతో కొట్టినప్పుడు నడిచేవారు చనిపోయే అపాయం నాలుగున్నర రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంకొక లెక్క చూడండి. రోడ్డు మీదికి ఒక పాప పరుగెత్తింది. డ్రైవరుకు అది కనబడి, కాలు బ్రేకు మీదికి వెళ్ళడానికి సుమారు ఒక సెకను పడుతుంది. పొడి రోడ్డు మీద, మంచి బ్రేకులతో, గంటకు 30 కి.మీ. వేగంతో వచ్చే కారు మొత్తం 13 మీటర్లలో ఆగిపోతుంది. 50 కి.మీ. వేగంతో వచ్చే కారుకు ఆగడానికి సుమారు 28 మీటర్లు కావాలి. మొదటి కారు పూర్తిగా ఆగిపోయినచోట రెండవ కారు డ్రైవరు ఇంకా బ్రేకు తొక్కడం కూడా మొదలుపెట్టడు. పాప 15 మీటర్ల దూరంలో ఉంటే మొదటి కారు ముందు బతుకుతుంది. రెండవ కారు దాదాపు పూర్తి వేగంతో వచ్చి తగులుతుంది. వాన కురిసి రోడ్డు తడిసి ఉంటే ఈ దూరాలు ఇంకా పెరుగుతాయి.

"మెల్లగా పోండి" అని బోర్డు పెడితే చాలదా? చాలదు. రోడ్డు వెడల్పుగా, తిన్నగా, అడ్డం లేకుండా ఉంటే కాలు తనంతట తానే ఆక్సిలరేటరును నొక్కుతుంది. అదే డ్రైవరు ఇరుకు సందులోకి రాగానే ఎవరూ చెప్పకుండానే నెమ్మదిస్తాడు. వేగాన్ని నిర్ణయించేది బోర్డు కంటే రోడ్డు ఆకారం. ఊరి మధ్య రోడ్డును వెడల్పు చేసి ఫుట్‌పాత్‌ను తీసేస్తే వాహనాలకు దారి పెరగవచ్చు గాని నడిచేవారి ప్రాణానికి రక్షణ తగ్గుతుంది.

తల్లిదండ్రులు మార్చిన దేశం

నెదర్లాండ్స్ అంటే అందరికీ సైకిళ్ళు గుర్తుకొస్తాయి. ఆ దేశం మొదటినుండీ అలాగే ఉందని అనుకుంటాం. అది నిజం కాదు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ ఆదాయాలు పెరిగాయి, కార్లు పెరిగాయి. పాత ఇళ్ళు కూల్చి రోడ్లు వెడల్పు చేశారు. సైకిలు తొక్కేవారు ఏటేటా తగ్గిపోయారు. 1971లో సుమారు 3,300 మంది రోడ్ల మీద చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. అప్పటికి ఆ దేశ జనాభా కోటీ 30 లక్షలు మాత్రమే.

విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా విలేఖరి ఆరేళ్ళ కూతురు అలాగే చనిపోయింది. 1972లో ఆయన తన పత్రికలో "పిల్లల హత్యను ఆపండి" అనే శీర్షికతో వ్యాసం రాశాడు. ఆ శీర్షికే ఒక ఉద్యమానికి పేరయింది. తల్లిదండ్రులు వీధులను మూసి పిల్లలను ఆడుకోనిచ్చారు. సైకిళ్ళ మీద ఊరేగింపులు చేశారు. ఆమ్‌స్టర్‌డాంలో ఒక పేటలో పిల్లలే తమ వీధిలో కార్లు వద్దని సంతకాలు సేకరించారు. 1973లో పెట్రోలు సంక్షోభం రావడంతో ప్రభుత్వం నవంబరు 4 నుండి కొన్ని ఆదివారాలు కార్లను నిషేధించింది. ఖాళీ రోడ్ల మీద జనం నడిచారు, సైకిలు తొక్కారు. వీధి ఇలా కూడా ఉండవచ్చునని కళ్ళారా చూశారు.

డెల్ఫ్ట్ పట్టణంలో ఇళ్ళ మధ్య వీధులను కొత్తగా తీర్చిదిద్దారు. చెట్లు, బెంచీలు, వంకర్లు పెట్టి కారు మనిషి నడకతో సమానంగా కదలవలసి వచ్చేలా చేశారు. 1976లో ఇలాంటి వీధులకు చట్టం వచ్చింది. అక్కడ పిల్లలు వీధిలో ఆడుకోవడం తప్పు కాదు, వారిని చూసుకొని పోవడం డ్రైవరు బాధ్యత. తరువాత పెద్ద రోడ్ల పక్కన సైకిళ్ళకు విడిగా దారులు వేశారు.

ఫలితం ఏమిటి? జనాభా కోటీ 78 లక్షలు అయిన తరువాత, 2023లో అక్కడి రోడ్డు మరణాలు 684. వాళ్ళ కష్టాలు పూర్తిగా తీరిపోలేదు. ఆ 684 మందిలో 270 మంది సైకిలు తొక్కేవారే, అందులోనూ వృద్ధులు ఎక్కువ. అయినా 3,300 నుండి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు. మెరుగైన వైద్యం, సీటు బెల్టులు, హెల్మెట్లు, తాగి నడిపేవారిపై తనిఖీలు కూడా ఇందుకు తోడ్పడ్డాయి. వీధులను మార్చడం అందులో ముఖ్యమైన భాగం.

బీద నగరాలకు సాధ్యమా?

"వాళ్ళకు డబ్బుంది" అని మీరు అనవచ్చు. కొలంబియా రాజధాని బొగోటా ధనిక నగరం కాదు. 1998 నుండి 2000 వరకు అక్కడ మేయరుగా ఉన్న ఎన్రికె పెన్యలోసా, కార్లు ఆక్రమించుకున్న ఫుట్‌పాత్‌లను ఖాళీ చేయించి, మళ్ళీ ఎక్కకుండా స్తంభాలు పాతించాడు. కార్లున్నవారికి కోపం వచ్చి ఆయనను పదవినుండి దించాలని ప్రయత్నించారు కూడా. ఆయన వందల కిలోమీటర్ల సైకిలు దారులు మొదలుపెట్టాడు. 2000 డిసెంబరులో రోడ్డు మధ్యలో బస్సులకు మాత్రమే కేటాయించిన దారిలో ట్రాన్స్‌మిలేనియో బస్సులు మొదలయ్యాయి. కొవిడ్‌కు ముందు రోజుకు 20 లక్షలకు పైగా ప్రయాణాలు వాటిలో జరిగేవి. ఆ బస్సుల్లో రద్దీ ఎక్కువని అక్కడివారు ఫిర్యాదు చేస్తారు, అదీ నిజమే.

అదే నగరంలో 1974 నుండి ఇంకొక మంచి అలవాటు ఉంది. ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుండి మధ్యాహ్నం 2 వరకు 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను నడిచేవారికి, సైకిళ్ళకు వదిలేస్తారు. 2021లో హైదరాబాదులో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపినప్పుడు కుటుంబాలు పిల్లలతో ఎలా తరలివచ్చాయో మీలో కొందరు చూసే ఉంటారు.

చెన్నైలో చీరలు కొనడానికి మనవాళ్ళు వెళ్ళే టి.నగర్‌లో పాండీ బజారు ఉంది. 2019 నవంబరులో అక్కడ వాహనాల దారిని తగ్గించి ఫుట్‌పాత్‌ను బాగా వెడల్పు చేశారు, కూర్చోవడానికి బెంచీలు వేశారు. అంతకు ముందే 2014లో చెన్నై నగరపాలక సంస్థ నడకకు, సైకిలుకు పెద్దపీట వేస్తూ ఒక విధానాన్ని ఆమోదించింది.

మంచి వీధిని గుర్తుపట్టడం ఎలా?

ఇంజనీరు చదువు లేకపోయినా ఈ గుర్తులు చూసి చెప్పవచ్చు.

1. ఫుట్‌పాత్ అడ్డంకులు లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఇది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో చెప్పిన కొలత. చక్రాల కుర్చీ, ఎదురుగా వచ్చే మనిషి ఇద్దరూ పట్టాలి.

2. ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు. ఎత్తు ఎక్కువైతే మోకాళ్ళ నొప్పులవారు ఎక్కలేక రోడ్డు మీదే నడుస్తారు. దాటేచోట వాలు ఉండాలి.

3. రోడ్డు దాటేచోట తెల్ల చారలు గీస్తే చాలదు. దారిని ఫుట్‌పాత్ ఎత్తుకు లేపితే వాహనం నెమ్మదించక తప్పదు.

4. వెడల్పైన రోడ్డులో మధ్యన ఆగి నిలబడడానికి సురక్షితమైన చోటు ఉండాలి. ఒకేసారి రెండు వైపుల వాహనాలను చూడడం వృద్ధులకు కష్టం.

5. సిగ్నల్ సమయం నెమ్మదిగా నడిచేవారికి సరిపోవాలి. 12 మీటర్ల రోడ్డును ఆరోగ్యవంతుడు 10 సెకన్లలో దాటితే, చేతికర్ర పట్టినవారికి 15 సెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కావాలి.

6. సైకిలు దారికి, వాహనాలకు మధ్య గట్టు ఉండాలి. రంగు గీత మాత్రమే ఉంటే అది పార్కింగుగా మారిపోతుంది.

7. బస్సు స్టాపులో నీడ, కూర్చునే చోటు, అక్కడికి నడిచి వచ్చే దారి ఉండాలి. తెలంగాణలో 2023 డిసెంబరు నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి మహిళలకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. టిక్కెట్టు లేకపోయినా బస్సు వరకు నడిచే దారి క్షేమంగా ఉంటేనే ఆ మేలు పూర్తిగా అందుతుంది.

సందేహాలు, సమాధానాలు

రోడ్డు ఇరుకు చేస్తే అంబులెన్సుకు ఆలస్యం కాదా? ఆసుపత్రివారిగా మాకూ ఈ భయం ఉంటుంది. నిజానికి అంబులెన్సును ఆపేది ఫుట్‌పాత్ కాదు, ముందు నిలిచిపోయిన వాహనాల వరుస. ఒక బస్సులో వెళ్ళే 50 మంది 50 కార్లలో బయలుదేరితే ఆ వరుస ఎంత పొడవుంటుందో ఊహించండి. బస్సులకు విడి దారి ఉన్న చాలా నగరాల్లో అంబులెన్సు కూడా ఆ దారినే వాడుకుంటుంది.

తోపుడు బండ్లవారి మాటేమిటి? వారూ బతకాలి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం వారికి స్థలం చూపమని చెబుతోంది. నడిచే దారి వేరు, అమ్మే చోటు వేరు అని ముందే కొలిచి ఇస్తే ఇద్దరికీ మేలు.

మనం ఏమి చేయగలం?

2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద క్షేమంగా నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద ప్రజల హక్కు అని చెప్పింది. కనుక అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

• మీ పేటలోని బడి, ఆసుపత్రి, ప్రార్థనా మందిరం, బస్సు స్టాపు మధ్య దారిని ఒకసారి నడిచి చూడండి. టేపుతో కొలవండి. ఎక్కడ పలక విరిగింది, ఎక్కడ దీపం లేదు, దాటడానికి ఎన్ని సెకన్లు పట్టింది అని రాసుకోండి.

• ఆ కాగితాన్ని నలుగురు సంతకాలు చేసి మున్సిపల్ కమిషనరుకు, వార్డు సభ్యునికి ఇవ్వండి. "రోడ్డు బాగుచేయండి" అనే అర్జీ కంటే "ఫలానా మలుపులో దాటే దారిని ఎత్తు చేయండి" అనే అర్జీకి జవాబు రాబట్టడం సులభం.

• మన బైకు, మన కారు ఫుట్‌పాత్ మీద పెట్టకుండా ఉండడం మన చేతిలోనే ఉంది. ఆదివారం ఆరాధన సమయంలో కూడా.

• ఫుట్‌పాత్ లేనిచోట ఎదురుగా వచ్చే వాహనాలు కనబడేలా కుడివైపు అంచున నడవండి. పిల్లల చేయి పట్టుకొని వారిని లోపలివైపు ఉంచండి. చీకటి వేళ లేత రంగు బట్టలు వేసుకోండి.

• షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవకూడదు. పాదాలకు స్పర్శ తగ్గి ఉంటే గాజు పెంకు గుచ్చుకున్నా తెలియదు. ఇంటికి రాగానే పాదాలు కడిగి, తుడిచి, వేళ్ళ మధ్య చూసుకోండి.

నెదర్లాండ్స్‌లో వీధులను మార్చమని మొదట పట్టుబట్టినవారు ఇంజనీర్లు కారు, పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులు. మన పేటలో ఎవరి బిడ్డనో పోగొట్టుకునే దాకా మనం ఆగవద్దు. ఈ వారమే ఒక దారిని కొలిచి చూడండి. రాసిన కాగితం ప్రతిని ఓ.పి.లో మా నర్సులకు ఇస్తే, ఆసుపత్రి తరఫున కూడా ఉత్తరం జతచేసి పంపుతాము.

— నర్సింగ్ సూపరింటెండెంట్