ఫోనులో డబ్బు మధ్యదారిలో ఆగితే

మొన్న కూరల బండి దగ్గర ఫోనులో 180 రూపాయలు పంపితే, చక్రం తిరిగి తిరిగి "పెండింగ్" అని నిలిచింది. బండతను చేరలేదంటాడు. కంగారుపడి మళ్ళీ పంపాను. సాయంత్రం చూద్దును కదా, రెండుసార్లూ పోయాయి! అతను మంచివాడు కనుక మర్నాడు ఆ సొమ్ముకు కూరలిచ్చాడు. వారమంతా మా ఇంట్లో బెండకాయే!

అందుచేత సోదరీమణులారా, పెండింగ్ అన్నప్పుడు తొందరపడి రెండోసారి నొక్కకండి. ముందు ఖాతాలో నిల్వ చూసుకోండి. డబ్బు తగ్గినా అవతల చేరలేదనుకోండి, అది గల్లంతు కాదు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన నియమం ప్రకారం, మనుషులకు పంపినదైతే మర్నాటికల్లా, దుకాణానికి కట్టినదైతే అయిదు రోజుల్లోగా తిరిగి రావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయలు బ్యాంకే ఇచ్చుకోవాలి. లావాదేవీ వివరాల్లో 12 అంకెల యు.టి.ఆర్. నెంబరుంటుంది. దాన్ని కాగితం మీద రాసుకుని, యాప్‌లోగాని మన బ్యాంకులోగాని ఫిర్యాదు చెయ్యాలి.

అసలు భయం ఇంకొకటుంది. మా పక్కింటావిడ ఇలాగే డబ్బు ఆగితే, ఇంటర్నెట్టులో దొరికిన ఏదో నెంబరుకి ఫోను చేసింది. అతగాడు ఎంతో మర్యాదగా "డబ్బు వెనక్కి వేస్తాం, పిన్ను కొట్టండమ్మా" అన్నాడు. కొట్టింది. నాలుగు వేలు పోయాయి. డబ్బు మనకు రావడానికి పిన్ను ఎప్పుడూ అక్కరలేదు. నిల్వ చూసుకునేటప్పుడు, మనం ఇచ్చేటప్పుడు కొట్టేది అది. పాపం, ఆవిడ నామోషీతో రెండు రోజులు ఇంట్లో చెప్పలేదు. అలా దాచకుండా వెంటనే 1930కి ఫోను చేసి ఉంటే, ఆ సొమ్ము చేతులు మారకముందే ఆపే వీలుండేది.