ఇంట్లో మనిషి ఉంటేనే మేక

వాన మొదలైతే గేదె తడుస్తూ నిలబడుతుంది. మేక నిలబడదు. తొలి చినుక్కే చూరు కిందికి పరుగెడుతుంది, చూరు లేకపోతే మన వరండాలోకి వచ్చేస్తుంది. రెండు మేకలు పెంచుకుందామనుకునేవాళ్లు ముందుగా సమకూర్చుకోవాల్సింది పొడి నేల. తడిలో పడుకున్న మేకకు గిట్టలు మెత్తబడి పుండ్లు పడతాయి. మూత్రం ఇంకిన మట్టి ఘాటుకు మేకపిల్లల ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. వానలు ఎక్కువగా పడే చోట్ల కొట్టంలో నేలకు ఎత్తుగా మంచె కట్టి, సందులు వదిలిన కర్రల మీద మేకల్ని ఉంచడం అందుకే. పెద్ద మేకకు పది చదరపు అడుగుల చోటు చాలు. కానీ ఆ పది అడుగుల్నీ రోజూ ఊడ్చే చేతులుండాలి.

మేక ఏదైనా తింటుందనేది దాన్ని పెంచనివారి మాట. నిజానికి అంత ఏరి తినే జీవి మన దొడ్లో ఇంకోటి లేదు. గొర్రె తల వంచి గడ్డి కొరికితే, మేక తలెత్తి ఆకు వెతుకుతుంది. వెనక కాళ్ల మీద లేచి రేగుకొమ్మ అందుకుంటుంది, ముళ్ల మధ్య నుంచి చిగురును మాత్రమే పెదవులతో లాగుతుంది. తొక్కిన మేతను ముట్టదు. అవిశ, సుబాబుల్ కొమ్మల్ని నేల మీద పడేస్తే సగం వృథా, ఎత్తున వేలాడగడితే పుల్లలే మిగులుతాయి. ఊరికి బంజరు ఉన్నన్నాళ్లు ఈ ఆకుకు కరువు లేదు. ఇప్పుడు చాలా ఊళ్ల చుట్టూ బంజర్లలో ప్లాట్ల రాళ్లు లేచాయి. కాబట్టి చెట్టును వెతుక్కుంటూ పోవాల్సింది మనిషే. వదిలేస్తే మేక పక్కింటి మల్లెపొద మీద పడుతుంది, తగాదా వీధికెక్కుతుంది. కట్టేసి పోతే వీధికుక్కల భయం. పిల్లల్ని ఒక్క పూట ఒంటరిగా వదలడానికి లేదు.

పెళ్లిలో మిగిలిన అన్నాన్ని ప్రేమగా మేక ముందు కుమ్మరించేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఆకుకు అలవాటుపడిన పొట్టలో అంత అన్నం ఒక్కసారిగా పులిసిపోతుంది, ఆమ్లం పెరిగి మేక కూలబడుతుంది. చాలాసార్లు తెల్లారేదాకా బతకదు. లేత జొన్న పిలకలు కూడా అంతే ప్రమాదం. వానలు మొహం చాటేసి వాడిపోయిన పైరు మేస్తే నాము అనే విషం తగిలి నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

వీటికి మించిన శత్రువు పారుడు రోగం, పశువైద్యులు పీపీఆర్ అనేది. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 1987లో, తమిళనాడులో. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, ఆపైన విరేచనాలు. మందలో ఒకదానికి సోకితే మిగతావి దక్కడం కష్టం. మూడు నెలలు దాటిన పిల్లకు ఒక్క టీకా వేయిస్తే దాదాపు మూడేళ్లు భయం ఉండదు. ఇంకో జబ్బు చిటుక రోగం, దాని టీకా మాత్రం ఏటా తొలకరికి ముందే పడాలి. కొత్త గడ్డి మొలిచాక పరుగెత్తితే ఆలస్యమే. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయొచ్చన్న సంగతి మేకలున్న ప్రతి ఇంటికీ తెలియాలి. వీడియోల్లో చూసి ఎక్కడో ఉత్తరాది నుంచి జమునాపారి మేకల్ని లారీలో తెప్పించుకునే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే. ప్రయాణంలో నీరసించిన జీవానికి రోగం తేలిగ్గా అంటుకుంటుంది. మీ వాతావరణంలో పుట్టి పెరిగిన నాటు మేకలు రెండింటితో మొదలుపెట్టండి. బయటి నుంచి వచ్చిన వాటిని మూడు వారాలైనా విడిగా ఉంచండి.

చూలు ఐదు నెలలు. ఈనేది అర్ధరాత్రి కావచ్చు, పుట్టేవి కవలలు కావచ్చు. పిల్ల ఒళ్లు తుడిచి, బొడ్డుకు అయోడిన్ పూసి, గంటలోపు ముర్రుపాలు తాగించాలి. రెండోదాన్ని తల్లి దగ్గరికి రానివ్వకపోతే పొదుగు దగ్గర పట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో ఆ పని చేసేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో అమ్మ, లేదా నానమ్మ. 2019 పశుగణన ప్రకారం దేశంలో మేకలు దాదాపు 14.9 కోట్లు. వాటిలో అధిక భాగం చిన్న రైతుల, భూమిలేని కుటుంబాల దొడ్లలోనే ఉన్నాయి. పిల్లాడి ఫీజుకు, ఆసుపత్రి ఖర్చుకు వెంటనే చేతికి డబ్బు అందించేది ఆ మేకే. ఆకు మోసిందీ, కొట్టం ఊడ్చిందీ, రాత్రి మేలుకున్నదీ ఆడవాళ్లు. ఆ శ్రమకు కూలి కడితే లాభం లెక్కలు తారుమారవుతాయి, అందుకే కాబోలు ఎవరూ కట్టరు.

బక్రీదుకు ముందు, బోనాల నెలలో వ్యాపారి గుమ్మంలోకి వస్తాడు. నడుము నొక్కి, వీపు తడిమి, ఒక ధర అంటాడు. తూకం వేయించకుండా ఒప్పుకోకూడదు. అతని చెయ్యి మొదట పడేది బాగా ఒళ్లు చేసిన మేక మీదే. అది ఈతకు రెండు పిల్లల్నిస్తుందా, పిల్లలకు చాలినన్ని పాలున్నాయా, ఎద తప్పుతోందా అన్నది అతనికి తెలియదు, బేరమాడుతున్న ఇంటాయనకూ తెలియకపోవచ్చు. అమ్మాలో ఉంచాలో తేల్చాల్సింది దాన్ని సాకిన ఇంటావిడ. తేల్చాక డబ్బు లెక్కపెట్టుకోవాల్సిందీ ఆమే.