పేడ ఎత్తేది ఒకరు, పొయ్యి వెలిగేది ఇంకొకరింట్లోనా?

పొన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారకముందే దొడ్లు ఊడ్చి పేడ ఎత్తే చేతులు కూలీలవి. ఆ పేడతో మండే గోబర్ గ్యాసు పొయ్యి మాత్రం కూలీ ఇంట కనపడదు. ఎందుకని?

గోబర్ గ్యాసులో మంత్రమేమీ లేదు. పేడ, నీళ్లు సమపాళ్లలో కలిపి గాలి చొరబడని తొట్టిలో పోస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడతాయి. అప్పుడు పుట్టే గ్యాసులో సగానికి పైగా మీథేనే. కిలో పేడకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. మిగిలిన మడ్డి చేనుకు మంచి ఎరువు. అదే పేడను పిడకలు చేసి కాలిస్తే ఎరువు దక్కదు, ఆడవాళ్ల కళ్లు మాత్రం పొగచూరుతాయి.

మరి చిక్కెక్కడ? 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాసు పథకం పెట్టి సబ్సిడీలిచ్చింది. కానీ 2 ఘనపు మీటర్ల ఇంటి ప్లాంటుకే రోజుకు 50 కిలోల పేడ కావాలి. అంటే నాలుగైదు పశువులుండాలి, కట్టుకోను జాగా ఉండాలి. సెంటు భూమి లేనివాడికి ఈ రెండూ ఎక్కడివి? సబ్సిడీ ఉన్నవాడి గడపే తొక్కింది.

ట్రాక్టర్లొచ్చాక ఎడ్లు తగ్గాయి, పేడా తగ్గింది. వరిగడ్డికి కొదవ లేదు కదా అంటారు. నిజమే. కాని ఉత్త గడ్డి తొందరగా కుళ్లదు. ఎక్కువ వేస్తే పైన తెట్టుకట్టి గ్యాసుకు అడ్డుపడుతుంది. సన్నగా నరికి, నానబెట్టి, కొద్దికొద్దిగా పేడలో కలపాలి. ఇది ఒక్కడివల్ల అయ్యే పని కాదు.

అందుకే మేమనేది, ఊరుమ్మడి ప్లాంటు కావాలని. 2018లో ప్రకటించిన గోబర్‌ధన్ పథకంలో సామూహిక ప్లాంట్లకూ చోటుంది. అయితే ఒక్కటి మరవొద్దు. ఈ గ్యాసుకు ఒత్తిడి తక్కువ, గొట్టం దూరం పోయేకొద్దీ మంట సన్నగిల్లుతుంది. ప్లాంటు పెద్దరైతు దొడ్డి పక్కన కడితే గ్యాసు ఆ పెద్దింటికే పోతుంది. కూలిపేట పక్కన కడితేనే పేటలో పొయ్యి వెలుగుతుంది.

గ్రామసభలో అడగండి: ప్లాంటుకు జాగా పేట దగ్గరే చూపాలి. పేడ ఎత్తినవారికి కూలి కట్టాలి, గ్యాసులో వాటా ఇవ్వాలి. మడ్డి ఎరువు ముందుగా కౌలురైతుకు అందాలి. అడగందే అమ్మయినా పెట్టదు. పంచాయతీ పెడుతుందా?