పాత ఇంటి గోడలు ఎగుడుదిగుడుగా ఉన్నాయా? పుట్టీ పెట్టించే ముందు ఇవి చెక్ చేసుకోండి

పాత ఇంటికి కొత్త రంగులు వేయించాలనుకుంటే ముందుగా ఎదురయ్యే సమస్య ఎగుడుదిగుడు గోడలు. "పుట్టీ మందంగా లాగేస్తే సెట్ అయిపోతుంది" అని పెయింటర్ అంటే సరే అనేస్తాం. కానీ ఆ పుట్టీ ఒక్క వానాకాలానికే పెచ్చులుగా ఊడిపోవచ్చు. ఎందుకంటే పుట్టీ గోడను నున్నగా చేస్తుంది అంతే, మట్టం చేయదు.

వంకర ఎంత ఉంది?

రాత్రిపూట లైట్లు ఆపి, టార్చ్‌ని గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి. గుంతలు, ఉబ్బులు నీడల్లో ఇట్టే కనిపిస్తాయి. తర్వాత ఆరడుగుల అల్యూమినియం బద్దను గోడకు ఆనించి, మధ్యలో వచ్చే ఖాళీని స్కేలుతో కొలవండి.

ముందు కారణం తెలుసుకోండి

* గోడను వేలితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే అక్కడ ప్లాస్టరింగ్ ఊడిపోయినట్టే. దాన్ని చెక్కేయాల్సిందే.
* కింది భాగంలో చెమ్మ, తెల్లటి ఉప్పు కనిపిస్తే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసి ముందు అది ఆపాలి.
* పగుళ్లు మెట్లు మెట్లుగా వెళ్తున్నా, రోజురోజుకీ పెరుగుతున్నా, గోడ బయటికి ఉబ్బినా అది పూత సమస్య కాదు. పైపైన కప్పేయొద్దు. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి.

ఎంత లోతుకు ఏం వాడాలి?

* 1.5 మిల్లీమీటర్ల లోపు: మామూలు వాల్ పుట్టీ, రెండు కోట్లు.
* 10 మిల్లీమీటర్ల వరకు: గరుకుగా ఉండే లెవెలింగ్ పుట్టీ. ఒక్కో కోటు మందం బస్తా మీద రాసినట్టే ఉండాలి.
* అంతకు మించితే: పాత పూత తీసేసి, ఇటుకకు గాట్లు పెట్టి మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. మందం 15 మిల్లీమీటర్లు దాటితే రెండు కోట్లుగా వేయాలి. కనీసం 7 రోజులు నీళ్లు పట్టాలి. పూర్తిగా ఆరాకే పుట్టీ.

జిప్సమ్ ప్లాస్టర్‌కి నీళ్లు పట్టే పని లేదు. అయితే బాత్రూమ్‌లకి, చెమ్మ గోడలకి అది పనికిరాదు.

సున్నం గోడలైతే?

తాతల కాలం నాటి మట్టి, సున్నం గోడల మీద సిమెంట్ పూయించకండి. సిమెంట్ పూత గట్టిగా ఉంటుంది. గోడలోని తేమను బయటికి పోనివ్వదు. దాంతో కొన్నాళ్లకి పాత గోడను కూడా పట్టుకుని ఊడిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీతో సున్నం పూతే వేయించండి.

దుమ్ముతో జాగ్రత్త

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో సీసం ఎక్కువగా ఉండొచ్చు. వాటిని పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల మెదడుకి హాని చేస్తుంది. అందుకే గోడను తడిపి గీకించండి. పని చేసేవాళ్లు ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. పిల్లలు, గర్భిణులు ఆ గదిలోకి వెళ్లకూడదు. దుమ్మును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. స్విచ్ బోర్డుల దగ్గర చెక్కేటప్పుడు మెయిన్ ఆపడం మర్చిపోవద్దు.

చివరిగా ఒక్క మాట. రేటు మాట్లాడుకునేటప్పుడు "చదరపు అడుగుకి ఎంత?" అని మాత్రమే కాదు, "ఏ గోడకి ఎంత మందం, ఏ మెటీరియల్?" అని కూడా అడిగి రాయించుకోండి.