లినక్సున తెలుఁగు ఖతులు

పూర్వము అచ్చుకూటములలో కంపోజిటరు కేసు ముందు నిలిచి, అక్షరములకును వత్తులకును వేఱువేఱుగా నేర్పఱచిన గళ్లనుండి సీసపు దిమ్మలను తీసి పంక్తులు కూర్చుచుండెడివాఁడు. ఆ కేసు చేసిన పనినే నేఁడు కంప్యూటరున ఫాంటు, మనవారు ఖతి యనునది, చేయుచున్నది. మనము మీట నొక్కినపుడు యంత్రము దాఁచుకొనునది యూనికోడను ప్రమాణము ఆ యక్షరమున కిచ్చిన సంఖ్యను మాత్రమే. 1991లో వెలువడిన తొలి యూనికోడులోనే తెలుఁగునకు 128 స్థానములు కేటాయింపఁబడినవి. ఆ సంఖ్యలకు రూపము నొసఁగు ఖతి లేనిచోఁ దెరపై ఖాళీ గడులే వరుసదీఱును.

తెలుఁగు విషయమున నీ పని మఱింత సూక్ష్మము. ‘క్ష’ యను నొక్క రూపము వెనుక కకారము, పొల్లు, షకారము అను మూఁడు సంఖ్యలుండఁగా, వానిని గలిపి చూపుటకు వలసిన నియమములు ఖతిలోనే యిమిడియుండును. వానిని జదివి నడపు భారమును లినక్సున హార్ఫ్‌బజ్ అను సాధనము వహించును. కావుననే మంచి ఖతిని నేను వ్రాఁతకు వ్యాకరణమువంటిదానినిగా నెంచుదును.

స్థాపన మిక్కిలి సులభము. ఉబుంటు అను లినక్సులో టీటీఎఫ్ లేదా ఓటీఎఫ్ రూపమున నున్న ఖతి ఫైలును దింపుకొని, జిప్ మూటయైనచో విప్పి, దానిపై రెండుమార్లు క్లిక్ చేసిన నమూనా కనఁబడును; అందలి ఇన్‌స్టాల్ బటను నొక్కిన చాలును. స్వహస్తముతోఁ బెట్టఁదలచితిమేని, హోమ్ ఫోల్డరులోని ‘లోకల్’, దాని లోపలి ‘షేర్’, అందలి ‘ఫాంట్స్’ ఫోల్డరున నుంచవలెను. ఫాంట్స్ లేనిచో మనమే సృష్టింపవచ్చును. లోకల్ పేరు చుక్కతో మొదలగుటచే నది కంటఁబడదు. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కినఁ బ్రత్యక్షమగును. పిమ్మట టెర్మినలున ‘ఎఫ్‌సీ-క్యాష్’ అను నాజ్ఞ నిచ్చి, అదివఱకు నడుచుచున్న ప్రోగ్రాములను మూసి తెఱువవలెను.

ఇట్లు స్థాపించుకొనఁదగినవానిలో పోతన, వేమన ఖతులను తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు రూపొందించి స్వేచ్ఛా లైసెన్సుతో లోకమున కొసఁగిరి. సిలికానాంధ్ర సంస్థ వెలువరించిన గిడుగు, గురజాడ, సూరన్న, మండలి మున్నగునవియు నట్టివే. ఎవరి యనుమతియు నడుగక వీనిని పొరుగువానికిఁ బంచవచ్చును, లోపమున్న దిద్దవచ్చును; భాషకు జరిగిన యీ యుపకారము నేను మఱవఁజాలనిది.

యూనికోడునకు ముందునాటి డీటీపీ ఖతులతోఁ గూర్చిన పాత వ్రాఁతలకు మాత్ర మివి యక్కఱకు రావు. ఏలయన, ఆ ఖతులు ఆంగ్లాక్షరముల స్థానములందే తెలుఁగు రూపములను నిలిపినవి. అట్టి ఫైలు మీ యింట నున్నచో, మార్పిడి సాధనముతో దానిని యూనికోడులోనికిఁ దెచ్చుకొని, అటుపిమ్మట ఖతి నెన్నుకొనుఁడు.