గీత ప్రక్కన గీత

డ్రాయింగ్ హాలులో మొదటి సంవత్సరం గడిపిన మిత్రులందరికీ ఒక సంగతి జ్ఞాపకం వుండే వుంటుంది. బోర్డుకు టీ-స్క్వేరు ఆనించి, దానిమీద సెట్‌స్క్వేరు జరుపుతూ, వున్న గీతకు సమాంతరంగా ఇంకొక గీత గీయడం. చూడటానికి ఎంత తేలికో! కాని ఈ చివర వెంట్రుకవాసి జరిగితే చాలు, ఆ చివరకు పోయేసరికి రెండు గీతలూ ఒకదాన్నొకటి పలకరించుకునేవి. లెక్చరరుగారు డివైడరుతో రెండుచోట్ల కొలిచి, ఏమీ అనకుండా షీటు తిరిగి ఇచ్చేసేవారు. ఆ మౌనం మార్కులు కోయటం కంటే ఎక్కువ బాధ పెట్టేది.

ఇప్పుడా పని కంప్యూటరు చేస్తున్నది. 1982లో మొదలైన ఆటోక్యాడ్‌కే గాక నేటి చాలా ప్రోగ్రాములకు దీనికొక ఆజ్ఞ వుంటుంది. దాని పేరు ఆఫ్‌సెట్. ఆటోక్యాడ్‌లో "ఓ" అక్షరం కొట్టి ఎంటర్ నొక్కాలి. ఎంత దూరమో అంకె ఇవ్వాలి. గీతను ఎన్నుకోవాలి. ఏ ప్రక్కన కావాలో ఆ ప్రక్కన క్లిక్ చేయాలి. అంతే! దూరం తెలియకపోయినా, ఫలానా బిందువు మీదుగా పోవాలని చెబితే "త్రూ" అనే సదుపాయం వుంది. సర్కిలును ఎన్నుకుంటే అదే కేంద్రంతో పెద్దదో చిన్నదో ఇంకొక సర్కిలు వస్తుంది.

ఇంత సులువైన దానికి సావనీరులో వ్యాసమెందుకని మీరడగవచ్చు. పాతబస్తీలోకి ఒకసారి వచ్చి చూడండి, చెబుతాను.

ఎం.జీ.బీ.ఎస్. నుండి ఫలక్‌నుమా వరకు 5.5 కిలోమీటర్ల మెట్రో మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ, అలియాబాద్ మీదుగా పోయే మార్గమిది. రోడ్డును 100 అడుగులకు వెడల్పు చేయాలని ప్లాను. అంటే క్యాడ్‌లో చేసేదేమిటి? రోడ్డు మధ్యగీత గీసి, ఇటు 50 అడుగులు, అటు 50 అడుగులు ఆఫ్‌సెట్ కొట్టడం. కంప్యూటరు మీద రెండు క్లిక్కులు. కాని ఆ గీత ఎవరి మల్గి మధ్యనుంచి పోతుందో వారికది ముప్ఫై యేళ్ళ సంసారం.

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఒకటి వుంది. ఆఫ్‌సెట్‌కు బదులు కాపీ ఆజ్ఞ వాడి, గీతను 50 అడుగులు తూర్పుకు జరుపుతారు. రోడ్డు సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా వుంటే ఫరవాలేదు. 30 డిగ్రీలు వాలి వుంటేనో? రెండు గీతల మధ్య లంబదూరం 50 కాదు, 43.3 అడుగులే. మిగతా 6.7 అడుగులు ఎక్కడికి పోయాయి? 12 అడుగుల ముఖం వున్న మల్గికి అది దాదాపు 9 గజాల స్థలం. 2025 జనవరిలో ఈ మార్గంలో పరిహారం గజానికి 81,000 రూపాయల లెక్కన ఇచ్చారు. ఆ చొప్పున చూస్తే ఏడు లక్షల పైమాటే. కాగితం మీద బతికిపోయిన మల్గి, టేపు పట్టి కొలిచిన రోజున పోతుంది! ఆఫ్‌సెట్ ఎప్పుడూ లంబదూరాన్నే తీసుకుంటుంది కనుక ఈ తంటా రాదు.

యూనిట్ల సంగతి నా అనుభవం చెబుతాను. చదువైన కొత్తలో ఒక ఆఫీసులో శిక్షణకు కుదిరాను. డ్రాయింగు మీటర్లలో వుంది. నేను చూసుకోలేదు. దూరమెంత అంటే దర్జాగా 50 అని కొట్టాను. మా సీనియరు వచ్చి తెర వైపు కాసేపు చూసి, "ఏమయ్యా, రోడ్డు వేసినవా, ఎయిర్‌పోర్టు వేసినవా?" అన్నాడు. వంద అడుగుల రోడ్డు కాస్తా వంద మీటర్లయి కూచుంది మరి. కొట్టవలసింది 15.24.

ఇంకొక చిక్కు మలుపుల దగ్గర. మధ్యగీతను ముక్కలు ముక్కలుగా గీసి ఒక్కొక్క ముక్కనూ ఆఫ్‌సెట్ చేస్తే, మలుపు వెలుపలి వైపు ఖాళీ మిగులుతుంది, లోపలి వైపు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ముక్కలన్నిటినీ ముందుగా ఒకే పాలీలైనుగా కలుపుకుంటే మూలలు వాటంతటవే అతుక్కుంటాయి.

అయితే ఆ మూల ఎలా అతుక్కోవాలి? అసలు తమాషా అంతా ఇక్కడే వుంది. చార్మినారునే తీసుకోండి. 1591 నాటి కట్టడం, ప్రక్కకు సుమారు 20 మీటర్ల చదరం. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో వున్నది కనుక చట్టం ప్రకారం రక్షిత ప్రదేశపు హద్దు నుండి అన్ని దిక్కులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరి 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 2010 సవరణతో ఇది చట్టంలోకే ఎక్కింది. నిషిద్ధ ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. పాత ఇంటికి మరమ్మతు కావాలన్నా అనుమతి తెచ్చుకోవాలి.

లెక్క తేలికగా వుండటానికి ఆ 20 మీటర్ల చదరమే హద్దు అనుకుందాం. దానిని 100 మీటర్లు వెలుపలికి ఆఫ్‌సెట్ చేస్తే ఆటోక్యాడ్ మామూలుగా ఇచ్చేది 220 మీటర్ల చదరం, మూలలు కోసుగా. కాని ఆ కోసు మూల అసలు చదరపు మూలకు 141 మీటర్ల పైన వుంటుంది! చట్టమడిగింది 100 మాత్రమే. సరైన గీత మూలల దగ్గర చాపంగా తిరగాలి. అందుకే "ఆఫ్‌సెట్‌గ్యాప్‌టైప్" అనే అమరిక వున్నది. 0 ఇస్తే కోసు మూల, 1 ఇస్తే గుండ్రని మూల, 2 ఇస్తే చెక్కిన మూల. ఇక్కడ కావలసింది 1.

తేడా ఎంతంటారా? ఒక్కొక్క మూలకు 2,146 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,566 గజాలు. పాతబస్తీలో అంత జాగాలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని మల్గీలు, ఎన్ని ఇరానీ కప్పులు! ఒక అంకె మార్చకపోవడం వల్ల వీళ్ళంతా లేని నిషేధంలో పడిపోతారు. ఇల్లు కురుస్తున్నా పర్మిషన్ కోసం తిరుగుతారు.

ఇంత చెప్పి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. ఆఫ్‌సెట్ ఎంత కచ్చితమైనా, మొదటి గీత కచ్చితంగా వుంటేనే దానికి విలువ. 1908 మూసీ వరదల తర్వాత, 1912-15 మధ్య లెనార్డ్ మన్ చేయించిన నగర సర్వే పటాలు అంగుళానికి 50 అడుగుల స్కేలువి, అంటే 600వ వంతు. వాటి మీద అర మిల్లీమీటరు మందం వున్న సిరాగీత నేలమీద 30 సెంటీమీటర్లు. దాదాపు ఒక అడుగు! ఆ గీత ఈ అంచు నుంచి కొలుస్తారా, ఆ అంచు నుంచా? కంప్యూటరు మాత్రం దశాంశ బిందువు తర్వాత ఎనిమిది స్థానాలు నిశ్చింతగా చూపిస్తుంది.

అందుచేత ఆఫ్‌సెట్ కొట్టగానే లేచిపోకండి. డిస్ట్ ఆజ్ఞ ఇచ్చి, పర్పెండిక్యులర్ స్నాప్ పెట్టి, రెండు మూడు చోట్ల కొలవండి, ఆనాడు లెక్చరరుగారు డివైడరు పెట్టినట్టే. ఆ తర్వాత టేపు పట్టుకుని ఆ గల్లీకి పోండి. దుకాణం ఆయనను టేపు రెండో కొస పట్టుకోమనండి. ఆయన వదులుగా మాత్రం పట్టుకోడు.