నిరీక్షణకు పరీక్ష: ఒంగోలు మిషన్, ధాత కరువు

పరిచయం

కష్టకాలంలో మనిషిని నిలబెట్టేది ఏమిటి? మతచరిత్ర చదివే విద్యార్థి తప్పక వేసుకోవలసిన ప్రశ్న ఇది. తెలుగు క్రైస్తవులు ఆశను 'నిరీక్షణ' అంటారు. ఎదురుచూడటం అనే అర్థం ఆ మాటలోనే ఉంది. ఈ ఎదురుచూపు ఆచరణలో ఎలా ఉంటుందో నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్ర ద్వారా తెలుసుకుందాం.

మూసివేత అంచున

శామ్యూల్ డే 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవారు కొద్దిమందే. డే ఆరోగ్యం దెబ్బతిన్నది. 1853లో అమెరికాలోని మిషన్ పెద్దలు ఈ కేంద్రాన్ని మూసివేయాలా అని చర్చించారు. పటంలో ఒంటరి చుక్కలా ఉన్న ఈ కేంద్రంపై శామ్యూల్ ఎఫ్. స్మిత్ కవిత రాశాడు. 'లోన్ స్టార్', అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరు దీనికి స్థిరపడింది. మూసివేత ఆగింది.

1854 జనవరి 1న తెల్లవారుజామున లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక మిషనరీ కావాలని ప్రార్థించారు. జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు గడిచాయి.

ఆశ ఎవరిది?

నిరీక్షణ మిషనరీలది మాత్రమే అనుకోకూడదు. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. అంతకుముందే రాజయోగ సాధన చేసిన అన్వేషకుడు. తన బంధువర్గంలో ఊరూరా తిరిగి ఈ విశ్వాసాన్ని వ్యాపింపజేసినవాడు ఆయనే. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపబోమని పై కులాలవారు అభ్యంతరం చెప్పారు. క్లౌ దంపతులు మాదిగలనే చేర్చుకున్నారు. బడి ఖాళీ అయింది.

ధాత కరువు

1876–78 నాటి కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకున్నాడు. యవ్వనంలో చేసిన సర్వే పని ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికాయి. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి, సాయంత్రాలు కూలీలతో మాట్లాడేవారు.

ఇక్కడ గమనించవలసిన నిర్ణయం ఒకటుంది. తిండి కోసం మతంలో చేరే పరిస్థితి రాకూడదని క్లౌ సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏడాది చివరికి ఈ సంఖ్య 9,606కు చేరింది.

చర్చ

నేను ఈ పాఠం చెప్పిన ప్రతి ఏడూ తరగతిలో ఒక ప్రశ్న వచ్చేది: "వీళ్లు గంజి కోసం చేరలేదా, సార్?" తోసిపుచ్చదగిన ప్రశ్న కాదిది. సహాయపు డబ్బు ఇక లేదని చెప్పినా జనం వెనుదిరగలేదని క్లౌ ఆత్మకథ చెబుతుంది. అయితే అది మిషనరీ సాక్ష్యం. చేరినవారు స్వయంగా రాసుకున్న కథనాలు మనకు దక్కినవి బహు తక్కువ. పైగా అన్నాన్నీ గౌరవాన్నీ పూర్తిగా విడదీయగలమా? ఊరి బావి దగ్గరకు రానివ్వని మనిషికి, పక్కన కూర్చుని మాట్లాడిన బోధకుడు కూడా ఒక ఆశే.

సారాంశం

ఈ చరిత్రలో నిరీక్షణ ఒట్టి ఓదార్పు మాట కాదు. మూసివేయవలసిన చోట ఆగటం, బడి పోయినా వచ్చినవారిని కాదనకపోవటం, ఆకలిని అవకాశంగా వాడుకోకపోవటం దాని రూపాలు.

స్వీయ అధ్యయన ప్రశ్నలు

1. ఈ మిషన్‌కు 'ఒంటరి నక్షత్రం' అనే పేరు ఎలా స్థిరపడింది?
2. కరువుకాలంలో బాప్తిస్మాలు ఎందుకు ఆపారు? ఆ నిర్ణయంపై మీ అభిప్రాయం రాయండి.
3. మీ ఊరి పెద్దలను కరువు జ్ఞాపకాలు అడిగి, వారిని నిలబెట్టినదేమిటో పది వాక్యాలలో రాయండి.